లాభాల రిజిస్టరులో ఒక మోకాలు

మా శాఖలో నిజం ఒక్కచోటే ఉంటుంది. అది రిజిస్టరులో ఉంటుంది. బయట తిరిగేదాన్ని మేము పుకారు అంటాం, దాని గురించి భోజనాల వేళ మాత్రమే మాట్లాడుకుంటాం.

మాది పాత పత్రాల పరిరక్షణ శాఖ. ఇలాంటిది ఒకటి ఉందని చాలామందికి తెలీదు, తెలిసినవాళ్లు కూడా అవసరం పడేదాకా నమ్మరు. తాతల నాటి పొలం కాగితాలు, కాలవ గట్ల తగాదాలు, తీర్పు వచ్చేసరికి ఇరుపక్షాలూ పోయిన దావాలు, అన్నీ ఎర్రగుడ్డలో కట్టలు కట్టి పదహారడుగుల అరల్లో పేర్చి ఉంచుతాం. ఎవరైనా వచ్చి అడిగితే నిచ్చెన వేసి దించుతాం. గోదావరి జిల్లాల్లో ఒక ఊళ్లో ఉంది మా ఆఫీసు. ఊరి పేరు చెప్పను, చెబితే ఎవరినడిగి చెప్పావంటారు.

మా శాఖకు ఒకటే ధర్మం. ఒకసారి రిజిస్టరులో రాసింది కొట్టివేయరాదు. వెనక వరండాలో ఉన్న ఇనప బీరువాను ఎవరో పూర్వీకుడు స్టాకు రిజిస్టరులో పొరపాటున రెండుసార్లు రాసి పోయాడు. అప్పట్నుంచి ప్రతి మార్చిలోనూ రెండు బీరువాలు చూశామని సంతకం పెడుతున్నాం. మొదట్లో నాకు కొంచెం సిగ్గుగా ఉండేది. పదేళ్లు దాటాక రెండో బీరువా తలుపు కిర్రుమంటోంది, నూనె వేయించాలి అని కూడా ఒకసారి రాశాను. నూనె మంజూరైంది.

నా పేరు భద్రం. సీనియర్ అసిస్టెంటుని, ముప్పైనాలుగేళ్ల సర్వీసు. నా దస్తూరీ గుండ్రంగా, చూడముచ్చటగా ఉంటుందని శాఖంతా పేరు. ఆ దస్తూరీయే నా కొంప ముంచింది.

పోయినేడు జూన్‌లో ప్రధాన కార్యాలయం నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. మా డిప్యూటీ డైరెక్టరు వాచస్పతిరావుగారు అందర్నీ హాల్లో నిలబెట్టి దాన్ని పైకి చదివారు. ఆయన మామూలుగా మాట్లాడినా ఉత్తర్వులాగే ఉంటుంది, కాబట్టి ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కనుక్కోవడం కష్టమైంది.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, యోగాభ్యాసము వలన శారీరక, మానసిక లాభములు కలుగునని సర్వత్రా అంగీకరించబడియున్నది. కావున ప్రతి ఉద్యోగి వారమునకు ఒక శారీరక లాభమును, ఒక మానసిక లాభమును విధిగా పొందవలెను. పొందిన లాభములను శనివారము సాయంత్రము ఐదు గంటలలోగా నిర్ణీత రిజిస్టరులో నమోదు చేసి సంతకము చేయవలెను. ఒకరు పొందిన లాభమును అదే వారములో వేరొకరు పొందరాదు. పొందిన లాభమునే మరల పొందరాదు. లాభము పొందనివారిపై శాఖాపరమైన చర్య గైకొనబడును."

నాకు ఒక చిన్న సందేహం వచ్చింది. యోగా ఎప్పుడు చేయాలండీ అని అడిగాను. ఆయన కాగితం వెనక్కి తిప్పి చూశారు, మళ్లీ ముందుకు తిప్పారు. ఆ విషయం ఇందులో లేదని, లాభాలు మాత్రమే పొందమన్నారని, లేనిపోని అనుమానాలతో శాఖ సమయాన్ని వృథా చేయవద్దని సెలవిచ్చారు. ఆ రిజిస్టరు రాసే బాధ్యత నా మీద పెట్టి, నాకు లాభాల నోడల్ అధికారి అని పేరు కూడా ఇచ్చారు.

మా ఆఫీసులో డిప్యూటీ డైరెక్టరుతో కలిపి ముప్పైఒక్కరం. వారానికి అరవైరెండు లాభాలు. యోగా చేసేది మాత్రం ఒక్కరే. ఆవిడ నూకరత్నం.

నూకరత్నం రికార్డు అసిస్టెంటు. భర్త మా ఆఫీసులోనే పనిచేస్తూ పోతే ఆ ఉద్యోగం ఈవిడకి వచ్చింది. ఇరవైరెండేళ్లుగా నిచ్చెన ఎక్కి కట్టలు దించుతోంది, మళ్లీ ఎక్కి పెడుతోంది. రోజుకి ముప్పై నలభై సార్లు. ఆ నిచ్చెనకి పదిహేను మెట్లుండాలి, నాలుగోదీ తొమ్మిదోదీ లేవు. బాగుచేయించమని ఆరేళ్ల క్రితం రాశాం, జవాబు పరిశీలనలో ఉంది. ఆ రెండు మెట్ల దగ్గరా ఆవిడ ఎడమకాలు ఎత్తి బరువంతా మోకాలి మీద వేసి పైకి లేవాలి. భర్త పోయింది మొదలు ఏళ్ల తరబడి సరిగా నిద్రే లేదట. ఎవరో చెబితే మున్సిపల్ పార్కులో ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారి దగ్గర చేరి, ఏడేళ్లుగా రోజూ పొద్దున్నే యోగా చేసుకుని ఆఫీసుకొస్తుంది. ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు, రిజిస్టరు పుణ్యమా అని బయటపడింది.

మొదటి శనివారం అందర్నీ పిలిచి అడిగి రాశాను. ఏం లాభం కలిగిందమ్మా అంటే, "నిద్ర పడతందండి. నడుం ఊరుకుందండి," అంది. రాశాను. రెండో శనివారం అడిగాను. "నిద్ర పడతందండి," అంది. మూడో శనివారం కూడా అదే మాట. ఒకసారి పొందిన లాభం మళ్లీ పొందకూడదమ్మా, ఉత్తర్వు ఉంది అని చెప్పాను.

"రోజూ అదే పడతందండి మరి," అంది ఆవిడ. పోనీ మోకాళ్ల సంగతేమిటి, తగ్గాయా అని ఆశగా అడిగాను. "మోకాలు అరిగిపోయిందండి. అరిగిపోయిన చెప్పుకి దణ్ణం పెడితే కొత్తదైపోద్దాండి? మా మాస్టారు దాన్ని మడవొద్దన్నారు. కుర్చీలో కూర్చునే చేత్తానండి."

చేసేవాళ్లకి ఒక్కటే లాభం, అదీ మళ్లీ మళ్లీ. చేయనివాళ్లకి మాత్రం మొదటి రెండు వారాలూ లాభాలు వరదలా వచ్చాయి. ఒళ్లు తేలికపడింది, కోపం తగ్గింది, అరుగుదల బాగుంది, ఏకాగ్రత కుదిరింది. మూడో వారానికి సరుకు అయిపోయింది. ఒక గుమాస్తా తుమ్ము వచ్చే ముందు తెలుస్తోందని రాయించాడు. ఇంకొకాయన బావమరిది మీద ఉన్న అభిప్రాయం కొంత మారిందన్నాడు, అది శారీరకమా మానసికమా అని నాకు గంటసేపు తేలలేదు. టైపిస్టుకి ఎడమచెవి కుడిచెవితో సమానంగా వినపడటం మొదలైంది. ఇక నాలుగో వారం నుంచి ఎవరూ ఆలోచించడం మానేశారు. భద్రంగారూ, మీ చేత్తో మీరే ఏదో ఒకటి వేసేయండి అని ఖాళీ గడుల ముందే సంతకాలు పెట్టి వెళ్లిపోయేవారు.

వాచస్పతిరావుగారి గడులు మరీ కష్టం. నడుముకి బెల్టు లేకుండా ఆయన కుర్చీలోంచి లేవలేరు. అయినా హోదా రీత్యా కిందివారికంటె పైస్థాయి లాభాలు ఆయనకు కలగాలి. ఒక టైపిస్టుకి ఏకాగ్రత కుదిరాక డిప్యూటీ డైరెక్టరుకి కనీసం అంతర్దృష్టి కలగకపోతే బాగుండదు. ఆయనకి ఆగస్టులో అంతర్దృష్టి, సెప్టెంబరులో సమదృష్టి ఇచ్చాను. అక్టోబరుకి నా దగ్గర దృష్టులు అయిపోయాయి.

ఈ వ్యవహారంలో నా నిద్ర పోయింది. పక్కమీద పడుకుని వచ్చే వారం లాభాలు వెతుక్కునేవాణ్ణి. నా భార్య తన భుజం నొప్పి గురించి చెబుతుంటే, ఇది తగ్గితే ఏ మాటల్లో రాస్తే నిండుగా ఉంటుందా అని ఆలోచిస్తూ ఊ కొట్టేవాణ్ణి. తగ్గించే ఉపాయం మాత్రం ఆలోచించలేదు.

అక్టోబరులో ఒక శనివారం, పావుతక్కువ ఐదు. అరవైఒక్కటి పూర్తయ్యాయి. నూకరత్నం శారీరక గడి ఒక్కటే ఖాళీ. ఆవిడ నిచ్చెన మీద ఉంది. ఐదుకి కాగితాలు పంపకపోతే మెమో. ఇక ఆలోచించలేదు. "దీర్ఘకాలిక మోకాలి నొప్పి సమూలముగా మాయమైనది" అని రాశాను. దస్తూరీ ఆ రోజు మరీ బాగా కుదిరింది. ఆవిడ ఒక్కో మెట్టే దిగి, మోకాలు పట్టుకుని కాసేపు నిలబడి, వచ్చి సంతకం పెట్టింది. ఏం రాశారండీ అని అడిగింది. మంచిదే రాశానమ్మా అన్నాను.

ఆ ఏడాది రాష్ట్రంలో అన్నిటికంటే ఎక్కువ లాభాలు పొందిన కార్యాలయం మాదే అని తేలింది. బహుమతిగా పెద్ద డాలు ఇచ్చారు. వాచస్పతిరావుగారు దాన్ని తన బల్ల మీద పెట్టుకున్నారు, దాని వెనక కూర్చుంటే ఆయన మాకు కనిపించడం మానేశారు. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ప్రధాన కార్యాలయంలో ఎవరో మా రిజిస్టరు నకలు తీసుకుని మొదటి పుట నుంచి చదవడం మొదలుపెట్టారు. నా ముప్పైనాలుగేళ్ల సర్వీసులో మేము పంపిన కాగితాన్ని ఎవరైనా చదవడం అదే మొదటిసారి.

ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నారట. ప్రధాన కార్యాలయం దూడని కట్టేసి ఊరుకోలేదు, ఎద్దుకు మేత కూడా తగ్గించింది. సిబ్బంది కంటిచూపు మెరుగుపడినందున రికార్డు గదిలో సగం ట్యూబులైట్లు తీసివేయవలెనని మొదటి ఉత్తర్వు. ఊపిరితిత్తుల శక్తి పెరిగినందున దుమ్ముకు కట్టుకునే గుడ్డల సరఫరా నిలిపివేత. ఆకలి అదుపులోకి వచ్చినందున భోజన విరామం అరగంట. ఓర్పు పెరిగినట్టు పదకొండుమంది సంతకాలు చేశారు గనక, ఖాళీగా ఉన్న ఏడు ఉద్యోగాలు రద్దు, ఆ పని ఓర్పు పెరిగినవారికి పంపకం. నిచ్చెన గురించి ఆరేళ్ల నాటి మా అర్జీకి కూడా ఎట్టకేలకు జవాబు వచ్చింది. సిబ్బంది అవయవములకు సాగెడి గుణము పెరిగినందున నాలుగు, తొమ్మిది మెట్లు అనవసరమని భావించి దస్త్రము మూసివేయడమైనది అని.

చీకట్లో, దుమ్ములో, సగం అన్నంతో మేము వాళ్ల జవాబులు చదువుకుంటూ కూర్చున్నాం. ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు, రాసింది మేమే గనక. కొందరు నావైపు చూశారు. ఓర్పు పెరిగిందని తన గడిలో ఎందుకు వేశానని టైపిస్టు ఒకసారి అడిగింది కూడా.

జనవరిలో నూకరత్నం ప్రభుత్వాసుపత్రికి వెళ్లింది. ఎడమ మోకాల్లో గుజ్జు లేదని, ఎముకకి ఎముక రాసుకుంటోందని, కీలు మార్చక తప్పదని డాక్టరు చెప్పాడు. మూడు నెలల్లో చేయించుకోకపోతే నడక పోతుందన్నాడు. ఆపరేషనుకీ సెలవుకీ శాఖ అనుమతి కావాలి. అర్జీ నేనే రాసి పెట్టాను, నా చేత్తోనే. పదిరోజుల్లో తిరిగొచ్చింది. వెనక ఎర్రసిరాతో ఇలా ఉంది.

"అర్జీదారు మోకాలి నొప్పి సమూలముగా మాయమైనట్లు లాభముల రిజిస్టరు 118వ పుటలో నమోదై, అర్జీదారు స్వయముగా సంతకము చేసియున్నారు. లేని నొప్పికి శస్త్రచికిత్స మంజూరు చేయుటకు నిబంధనలు అంగీకరించవు. సదరు నొప్పి ఇంకనూ కలదని వాదించుట యోగా పట్ల అగౌరవముగా పరిగణించబడును."

ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ నా ముఖంలోకి చూసి అడిగింది.

"నా మోకాలు నన్నడక్కుండా ఎలా బాగైపోయిందండి, భద్రంగారూ?"

ఆవిడ తిట్టినా బాగుండేది. కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని, ఎవరో కక్షిదారు వచ్చి నిలబడితే నిచ్చెన దగ్గరికి వెళ్లింది. నాలుగో మెట్టు లేనిచోట ఆగి, రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, తనను తాను పైకి లాక్కోవడం చూశాను. ఇరవైరెండేళ్లలో అంత పరకాయించి ఎప్పుడూ చూడలేదు. నాకు సిగ్గేసింది.

వాచస్పతిరావుగారి దగ్గరికి వెళ్లి ఆ ఒక్క వాక్యం కొట్టేస్తానని అడిగాను. ఆయన రెండు చెవులూ మూసుకున్నారు. పోనీ, వచ్చిన లాభం పోయింది, నొప్పి తిరిగొచ్చింది అని రాస్తే సరిపోదా అన్నాను. దానికి నష్టాల రిజిస్టరు ఉండాలన్నారు. అది తెరుద్దామా అంటే, "యోగా వలన నష్టము కలుగుటకు ఉత్తర్వులు ఇంకను వెలువడలేదు," అన్నారు. ఆయన కేకలు వేయలేదు, నిజంగానే విచారించారు. తన నడుం బెల్టు సర్దుకుంటూ, తనకి కూడా రిజిస్టరులో వెన్నెముక వజ్రంలా ఉందని గుర్తుచేశారు. అది వేసిందీ నేనే.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. నొప్పినే లాభంగా రాస్తే ఎవరు కాదంటారు? ఆ శనివారం నూకరత్నం మానసిక గడిలో "యోగాభ్యాసము వలన శరీర స్పృహ మిక్కిలి పెరిగి, ఎడమ మోకాలిలో గల నొప్పి మునుపటికంటె స్పష్టముగా తెలియుచున్నది" అని రాశాను. ఈసారి ఆవిడకి చదివి వినిపించి, ఒప్పుకున్నాకే సంతకం పెట్టించాను. నొప్పి ఉందని రికార్డులోకి ఎక్కింది గదా, ఇక మంజూరు చేయక ఏం చేస్తారులే అనుకున్నాను.

రెండు వారాలకి జవాబు వచ్చింది. ఇంతటి ఉన్నతమైన లాభం రాష్ట్రంలో మరెవరికీ కలగలేదని ప్రధాన కార్యాలయం సంతోషం వెలిబుచ్చింది. ఫిబ్రవరి నెలాఖరుకి కమిషనరుగారు మా ఆఫీసు తనిఖీకి వస్తున్నారు. ఆ సందర్భంగా శ్రీమతి నూకరత్నం వారి ఎదుట పది నిమిషాలు వజ్రాసనం ప్రదర్శించవలెను.

వజ్రాసనం అంటే రెండు మోకాళ్లూ పూర్తిగా మడిచి, మడమల మీద కూర్చోవడం. చెబితే ఆవిడకి అర్థమైంది. కూర్చోనంటే ఏమవుద్దండి అని అడిగింది. రిజిస్టరు అబద్ధమవుతుంది, సంతకం నీదమ్మా, ఉద్యోగం మీదికి రావచ్చు అన్నాను. కూర్చుంటే మోకాలు పోద్ది గదండి అంది. అవునన్నాను. పింఛను రావడానికి ఇంకా నాలుగేళ్లుంది ఆవిడకి.

తనిఖీ రోజు ఆఫీసు ఆవరణలో షామియానా వేశారు. కొత్త చాపలు నలభై తెప్పించి, వాడితే మాసిపోతాయని ఒకటి మాత్రం పరిచి మిగతావి చుట్టలు చుట్టి వరసగా నిలబెట్టారు. కమిషనరుగారు బక్కపల్చటి మనిషి, మాటిమాటికీ వాచీ చూసుకునే మనిషి. వాచస్పతిరావుగారు మెడలో దండతో స్వాగతవచనాలు పలికారు. లాభాలు పొందుటలో మా కార్యాలయం అవలంబించిన విధానాలు, లక్ష్యాలు, లక్ష్యాలను మించిన ఫలితాలు, అన్నీ అయ్యేసరికి నలభై నిమిషాలు పట్టింది. తర్వాత నన్ను రిజిస్టరు పట్టుకుని మైకు దగ్గరికి రమ్మన్నారు. నూకరత్నం ఆసనంలో కూర్చుంటుండగా 118వ పుట పైకి చదవడం నా పని.

ఆవిడ చాప దగ్గరికి వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుంది. కుడిచెయ్యి నేలకి ఆనించి, ముందు కుడికాలు మడిచింది. ఎడమకాలు మడవబోయి ఆగింది. ముఖం ఎర్రబడి, పెదవి పళ్ల మధ్య బిగబట్టింది, చప్పుడు మాత్రం చేయలేదు. నేను 118వ పుట తెరిచాను. నా గుండ్రటి అక్షరాలు నన్ను చూస్తున్నాయి. నోరు తెరిచాను, మాట రాలేదు.

ఆ రోజు శనివారం. ఆ వారం పుటలో నా గడులు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. పుటలు తిప్పి, జేబులో పెన్ను తీసి, నిలబడే రాశాను. రాసింది మైకులో చదివాను.

"కె. భద్రం, సీనియర్ అసిస్టెంటు. మానసిక లాభం, భయం పోయింది. శారీరక లాభం, అబద్ధం చదవడానికి నాలుక తిరగడం లేదు. 118వ పుటలో నూకరత్నం మోకాలు బాగుచేసింది యోగా కాదు, నేను. ఆవిడ నిచ్చెన మీద ఉండగా నా పెన్నుతో బాగుచేశాను. అమ్మా, నువ్వు లే. కూర్చోవద్దు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇది కార్యక్రమంలో భాగమేనేమో అని ఒకరిద్దరు కొట్టబోయి ఆగారు. టైపిస్టు వెళ్లి నూకరత్నం చెయ్యి పట్టుకుని లేపింది. వాచస్పతిరావుగారు ఒక్క అంగలో వచ్చి, ఈ నమోదు ఇప్పుడే కొట్టించేస్తాను సార్ అన్నారు. కొట్టివేయరాదు గదా అన్నారు కమిషనరుగారు, వాచీ చూసుకోకుండా.

ఆయన ఇరకాటం నాకు అర్థమైంది. నేను రాసింది అబద్ధమంటే ఆ రిజిస్టరంతా అబద్ధం. రెండువేల పైచిలుకు లాభాలు, వాటిని చూపించి ఇచ్చిన డాలు, ఆ డాలు చూపించి ఆయన రాజధానిలో అందుకున్న శాలువా, అన్నీ అబద్ధం. నేను రాసింది నిజమంటే 118వ పుట అబద్ధం. ఆయనకి టీ తెచ్చి ఇచ్చారు. టీ మొత్తం తాగి, ఆసుపత్రి కాగితం తెప్పించి చూశారు. చాపల కోసం ఇచ్చిన నిధిలో ఏమైనా మిగిలిందా అని అడిగారు. మిగిలిందన్నాం. అప్పుడాయన కళ్లు మూసుకుని ఉత్తర్వు చెప్పారు, నేను రాసుకున్నాను.

"రికార్డు ప్రకారము సదరు ఉద్యోగినికి మోకాలి నొప్పి లేదు. కావున చికిత్స ప్రశ్న ఉత్పన్నము కాదు. అయితే వజ్రాసన ప్రదర్శనకు తగిన సామగ్రి కార్యాలయమున కొరవడినట్లు తనిఖీలో గమనించడమైనది. కావున యోగా పరికరముల పద్దు క్రింద, మోకాలు, ఎడమ, ఒకటి, అమర్పుతో సహా, మంజూరు చేయడమైనది. సదరు పరికరమును స్టాకు రిజిస్టరులో నమోదు చేసి ఏటా తనిఖీ జరుపవలెను."

మార్చి రెండోవారంలో నూకరత్నానికి ఆపరేషను అయింది. అదే నెలాఖరుకి స్టాకు తనిఖీ. చాపలు నలభై, ఆ తర్వాత వరస సంఖ్య నలభైఒకటి, మోకాలు. నేను వాళ్లింటికి వెళ్లి, కట్టు మీద నుంచే చూసి, సరుకు సరిగా ఉన్నదని రాసుకున్నాను. ప్రతి వస్తువు మీదా శాఖ పేరూ నంబరూ తెల్లరంగుతో రాయాలని నియమం. ఈ వస్తువు మీద ఎలా రాయాలో చెప్పమని వాచస్పతిరావుగారు పైకి రాశారు, పరిశీలనలో ఉంది. ఉద్యోగ విరమణ నాడు శాఖ వస్తువులన్నీ అప్పగించాలని ఇంకో నియమం ఉంది. అది కూడా చెప్పక తప్పలేదు నాకు.

ఆవిడ నవ్వింది. "ఇంకా నాలుగేళ్లుంది కదండి. అప్పటికది పాతబడిపోద్ది. పాత సామాను వేలం వేత్తారు గదా, నేనే పాడుకుంటాను లెండి," అంది.

నాకు ఏప్రిల్‌లో మెమో వచ్చింది. ప్రభుత్వోద్యోగి తన భయమును పోగొట్టుకొనుటకు ముందస్తు అనుమతి పొందియుండలేదని, దీనికి సంజాయిషీ ఇవ్వవలెనని. లాభం కలగకముందే ఏ లాభం కలుగుతుందో తెలియనందున అనుమతి కోరలేకపోయానని రాశాను. దాన్ని ఒప్పుకున్నారు. ఒప్పుకుని, భయము పోయినట్టు రికార్డులో ఉన్నందున, మెట్లు లేని నిచ్చెన ఎక్కుటకు శాఖలో నన్ను మించిన అర్హులు లేరని తేల్చి, నూకరత్నం పని నాకు అప్పగించారు. నా రిటైర్మెంటుకి ఎనిమిది నెలలుంది. సెలవు ముగిసి రాగానే ఆవిడని కింద నా కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ ఉత్తర్వులో ఇదొక్కటే న్యాయంగా ఉంది, అది కూడా పొరపాటున జరిగినట్టుంది.

నిచ్చెన ఎక్కాక తెలిసింది నాకు. నాలుగో మెట్టు దగ్గర ఒకసారి, తొమ్మిదో మెట్టు దగ్గర ఒకసారి, రోజుకి ముప్పైసార్లు. వారం తిరిగేసరికి నడుం పట్టేసింది, ఇంటికెళ్లినా కాళ్లు వణుకుతున్నాయి. నిద్ర ముందే లేదు. నా నడక చూసి నూకరత్నం, రేపు పొద్దున్న పార్కుకి రండి అంది. ఏడాదిపాటు యోగా లాభాలు వేలల్లో రాసినవాణ్ణి, ఒక్క ఆసనం పేరు సరిగా తెలీకుండా వెళ్లాను.

డ్రిల్లు మాస్టారు నన్ను ఏమీ అడగలేదు. కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు పైకెత్తమన్నారు, దించమన్నారు. మెడ తిప్పమన్నారు. తర్వాత కళ్లు మూసుకుని ఊపిరి ఎటు వెళ్తోందో చూస్తూ ఊరికే కూర్చోమన్నారు. అరగంట అలాగే వెళ్లింది. అలా పదిరోజులు. పదకొండో రోజు కళ్లు తెరిచేసరికి నూకరత్నం కర్ర ఊతంతో పక్కన నిలబడి ఉంది, ఏమన్నా అనిపించిందాండి అని అడిగింది. అలవాటు కొద్దీ నాకు వాక్యం తయారైపోతోంది. మనస్సు తేటపడి, అని మొదలుపెట్టాను.

"రాయకండి," అంది ఆవిడ. "ఉండనివ్వండి."

ఆ రాత్రి పదింటికి పడుకున్నాను. కళ్లు తెరిస్తే తెల్లారి ఉంది, నా భార్య భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోంది. అన్నిటికంటే ముందు ఆవిడ భుజం ఎలా ఉందని అడిగాను. ఏడాదిలో ఆ మాట అడగడం అదే మొదటిసారి అంది ఆవిడ.

శనివారం రిజిస్టరులో నా రెండు గడులూ ఖాళీగా వదిలేశాను. ఈ వారం ఎందుకు లాభం పొందలేదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని సోమవారం మెమో వచ్చింది. తీసుకుని సంతకం పెట్టాను. ఆ రాత్రి కూడా నిద్ర పట్టింది.